శుక్రవారం ఆరింటికి రెండు బెల్లులు

సంచి సర్దడంలో కౌసల్యకు ఒక పద్ధతి ఉంది. అడుగున దుప్పటి, దాని మీద రెండు జతల బట్టలు, ఆ బట్టల మధ్య ఎల్లిపాయ కారం సీసా. మూత మీద గుడ్డ కప్పి దారంతో మూడు చుట్లు చుట్టి ముడివేస్తే, బస్సు ఎంత ఎగిరినా కారం కారదు. ఎండబెట్టిన జొన్న రొట్టెలు ఇరవై, పాత ధోతి ముక్కలో మూటగట్టి అన్నిటికన్నా పైన పెట్టింది. వాటిని కింద పెడితే బొంబాయి చేరేసరికి పిండి అవుతాయి.

"బొంబాయిల తిండి దొరకదనుకుంటున్నవా అక్కా?" అన్నాడు జానయ్య గడప మీద కూర్చుని.

"దొరుకుతది. రొట్టె దొరకది."

"నిన్న గ్రహణం, ఇయ్యాల్ల పయనం. సావిత్రమ్మ పెద్దమ్మ తిడుతాంది నన్ను."

"నేను తిట్టనా? మూడొద్దులు ఆగరాదురా అంటే ఇంటివా?"

"సూర్యుడే ఆగలే. గంట రెండు గంటలల్ల పని చూస్కొని పోయిండు. నేనాగాల్నా?"

కౌసల్యకు నవ్వు వచ్చింది గానీ ఆపుకుంది. నవ్వితే వీడికి ఇంకా లోకువ.

జానయ్య ఆమె తమ్ముడు. ఆమెకన్నా పన్నెండేళ్లు చిన్న. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్లు. అప్పటినుంచి వాడి ముక్కు తుడిచింది, వాడికి లాగులు కుట్టింది, వాడిని కొట్టింది, అన్నం పెట్టింది కౌసల్యే. ఇప్పుడు ముప్పయ్యారేళ్ల మనిషి. ఏటా దీపావళి దాటగానే బొంబాయి పోయి, ఫోన్ల కేబుల్ వేయడానికి రోడ్ల వెంట కందకాలు తవ్వుతాడు. పీర్ల పండుగకు తిరిగి కోస్గి చేరతాడు. ఎనిమిదేళ్లుగా ఇదే వరస. పెళ్లి కాలేదు. రెండు సంబంధాలు కుదిరినట్టే కుదిరాయి. రెండుసార్లూ అతను బొంబాయిలో కందకంలో ఉండగా ఇక్కడ ఆ పిల్లలకు వేరేవాళ్లతో పెళ్లిళ్లు అయిపోయాయి.

సంచి మూత ఎత్తి లోపలివైపు చూపించింది కౌసల్య. "గిది సూడు."

నల్లటి గుడ్డ మీద ఎర్ర దారంతో అంకెలు కుట్టి ఉన్నాయి. ఊరి కోడు నంబరు, దాని పక్కన ఇంటి నంబరు. మిషను మీద రెండేసి వరసలు వేసి కుట్టింది. గుడ్డి వెలుతురులో వేలితో తడిమినా తెలుస్తుంది.

"మన ఫోను నంబరు. కాయితం మీద రాస్తె చెమటకు తడుస్తది. సంచి మీదైతే ఏడికి పోతది?"

"సంచే పోతే?"

"సంచి పోగొట్టుకునేటోనివి బొంబాయి ఎందుకు పోవుడు? ఇంట్ల కూసో."

ఆ నంబరు ఉన్న ఫోను ఇంకా ఇంట్లో లేదు. నంబరు మాత్రం ఎక్స్ఛేంజి నుంచి వచ్చిన కాగితంలో ఉంది. కౌసల్య దరఖాస్తు పెట్టింది 1989లో. అప్పుడు కోస్గిలో ఫోను కావాలంటే ముందు వేరేవాళ్లది ఎవరిదైనా తీసేయాలి. ఆరేళ్ల తర్వాత కొత్త ఎక్స్ఛేంజి వచ్చింది, వరసలో ఆమె పేరు వచ్చింది. బజారు వెనక సందులో, షాబాదు బండల కప్పున్న చిన్న ఇంట్లో, అరుగు మీద మిషను పెట్టుకుని రైకలు కుట్టే మనిషికి ఫోనెందుకని అడిగినవాళ్లు అడిగారు. "మాట్లాడనీకి" అని జవాబిచ్చింది. అసలు జవాబు అది కాదు.

1984లో ఆమె భర్త మల్లయ్య కాలువ పనికి గుజరాత్ వైపు పోయాడు. అక్కడ గట్టు విరిగి మీద పడింది. ఆ సంగతి కోస్గి చేరడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులు కౌసల్య బొట్టు పెట్టుకుంది, గాజులు గలగలమనిపించింది, ఎదురింటి పెళ్లిలో పసుపు దంచి పాటలు పాడింది. మామిడికాయ తొక్కు పెట్టి, మల్లయ్యకని ఒక చిన్న జాడీ వేరుగా తీసి పెట్టింది. తర్వాత ఎంత ఏడ్చిందో ఆమెకు గుర్తులేదు. ఆ పదకొండు రోజులు తను నవ్వడం మాత్రం బాగా గుర్తుంది. మనిషిని ఆపడం మన చేతిలో లేదు, కానీ ఇంకోసారి తెలియక నవ్వకూడదు అనుకుంది. ఫోను కోసం ఆరేళ్లు ఎక్స్ఛేంజి మెట్లు ఎక్కింది అందుకే.

"ఇను," అంది తమ్ముడి ఎదురుగా కూర్చుని. "శుక్రారం సాయంత్రం ఆరింటికి చెయ్యి. రెండు బెల్లులు మోగనిచ్చి పెట్టేయి. నేను లేపను. లేపకుంటే నీకు బిల్లు పడది. రెండు బెల్లులంటే నువ్వు బొంబాయి ముట్టినట్టు, మంచిగున్నట్టు. ఆపకుండ మోగితే ఏదో చెప్పేదున్నట్టు. అప్పుడు లేపుత."

బూత్‌లు వచ్చినప్పటినుంచి బజారులో ఫోనున్న ప్రతి ఇంటికీ ఇలాంటి గుర్తు ఏదో ఒకటి ఉండేది. ఒక బెల్లయితే లారీ బయల్దేరినట్టు, మూడైతే సరుకు అమ్మినట్టు. ఫోను కొన్నవాడు మాటకు డబ్బు పెడతాడు గానీ, మోగినంత మాత్రానికి ఎందుకు పెడతాడు?

"తీగ లేదు, డబ్బా లేదు," అన్నాడు జానయ్య. "బెల్లు యాడ మోగాలె? నీ మిషన్లనా?"

"రేపు యోహాను తీగ గుంజుతడు, ఎల్లుండి ఎక్స్ఛేంజిల కలుపుతడు. మాట ఇచ్చిండు."

"మేం ఈ తాప తవ్వేది మామూలు తీగకు గాదు తెల్సా? అద్దాన్ని దారం లెక్క సన్నగ తీసిన్రట. దాంట్లకెంచి వెలుతురు పోతదట, వెలుతురు మీద మాట పోతదట."

దారం అనగానే కౌసల్యకు ఆసక్తి కలిగింది. "అద్దం దారమా? మడిస్తే విరగదా?"

"విరగది. నేను సూసిన. నీ సూదిల గూడ ఎక్కుతది."

"తే జర ముక్క."

"సరేగని," అన్నాడు జానయ్య సంచి భుజాన వేసుకుంటూ, "నేను రాకున్నా సరే, బెల్లు వస్తె సాలంటవ్."

"వచ్చుడు పోవుడు తర్వాతి మాట. ముందుగాల ఖబరు. బెల్లు వస్తె నాకు సాలు, పో."

బస్టాండు దాకా వెంట పోయింది. బొంబాయి బస్సు కిటికీలోంచి జానయ్య సంచి ఎత్తి, అంకెలు కుట్టిన మూతను ఊపి చూపించాడు.

*

గురువారం పొద్దున ఎక్స్ఛేంజి లైన్‌మన్ యోహాను వచ్చాడు. సైకిలుకు నిచ్చెన కట్టుకుని, భుజాన నల్ల తీగ చుట్ట వేసుకుని సందు మొదట్లో నిలబడి పైకి చూశాడు. స్తంభం సందు మలుపులో ఉంది. స్తంభానికీ కౌసల్య ఇంటికీ మధ్య లియాఖత్ అలీ గారి మిద్దె ఉంది. తీగ ఆ మిద్దె మీదుగా రావాలి. చుట్టూ తిప్పాలంటే ఇంకో స్తంభం పాతాలి. స్తంభం కావాలంటే మళ్లీ దరఖాస్తు.

లియాఖత్ అలీ బజారులో గడియారాలు బాగుచేస్తాడు. ఆయనకు ప్రాణం రెండింటి మీద: గడియారాలు, పావురాలు. మిద్దె మీద చెక్క గూళ్లలో నలభై పావురాలు ఉన్నాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాటిని గాలిలోకి వదిలి, ఈల వేసి దింపుతాడు.

"తీగ నా మిద్దె మీదికెంచి నడవది," అన్నాడు గడియారం చూసే భూతద్దం నుదుటికి ఎత్తుకుని. "బురా మత్ మానో, తప్పుగ అనుకోకు కౌసల్యా బహెన్. పోయినేడు కరెంటు తీగకు తాకి జత పోయింది నాది. సన్నటి నల్ల తీగ, దిగేటప్పుడు వాటి కండ్లకు ఆనది."

"రేపు ఆరింటిలోపల ఫోను మోగాలె భాయ్. తమ్ముడు చేస్తడు."

"నీ తమ్ముని ఖబర్ నా కబూతర్లు తెస్తయి తియ్."

"నీ కబూతర్లు బజారు దాటి ఏనాడన్న పోయినయా? బొంబాయి పొమ్మంటే కోస్గి బస్టాండుల కూసుంటయి."

లోపలినుంచి ఆయన భార్య లాడ్లీ బేగం నవ్వు వినిపించింది. లియాఖత్ అలీ నవ్వలేదు. యోహాను తీగ చుట్ట కింద పెట్టి, "అమ్మా, నాకు ఇంక మూడు ఇండ్లున్నయి. మీరు తేల్చుకోండ్రి, సోమారం వస్త," అన్నాడు.

"సోమారం ఏంది? గిక్కడనే నిలవడు," అంది కౌసల్య.

ఆమె తీగను చేతిలోకి తీసుకుని చూసింది. నిజమే. నల్ల దారం నల్ల గుడ్డ మీద ఎవరికి కనిపిస్తుంది? సాయంత్రంపూట తనకే కనిపించదు. అలాంటప్పుడు తనేం చేస్తుంది? రంగు దారం పెడుతుంది.

"కండ్లకు ఆనేటట్టు చేస్తే ఒప్పుకుంటవా భాయ్?"

"ఎట్ల చేస్తవ్?"

కౌసల్య ఇంట్లోకి పోయి, రైకలు కత్తిరించగా మిగిలిన ముక్కల మూట తెచ్చి అరుగు మీద కుమ్మరించింది. ఎరుపు, పసుపు, చిలకపచ్చ, తెలుపు. ఒక్కొక్కటి జానెడు పొడుగు కత్తిరించి, తీగ మీద మడిచి, అంచులు కలిపి సూదితో కుట్టడం మొదలుపెట్టింది. మూరకు ఒకటి. గాలికి జారకుండా తీగను బిగించి కుట్టింది.

"అమ్మా, గిది సర్కారు తీగ. పెండ్లి పందిరి గాదు," అన్నాడు యోహాను.

"సర్కారు వచ్చి కబూతర్లకు దారి చెప్తదా? చెప్తే ఇప్పేస్త."

"మా సారు చూస్తే నన్నంటడు."

"మీ సారు భార్య రైకలు కుట్టేది నేనే. నేను చెప్త తియ్. నువ్వు ఆ కొస పట్టుకో."

యోహాను కొస పట్టుకున్నాడు. లాడ్లీ బేగం కూడా ఒక సూది తీసుకుని వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం అజాన్ అయ్యేసరికి మిద్దె మీద తీగ లాగారు. రంగు రంగు ముక్కలు గాలికి రెపరెపలాడాయి. లియాఖత్ అలీ పైకి పోయి, వేళ కాకపోయినా గూళ్ల తలుపులు తీశాడు. పావురాలు ఒక్కసారిగా లేచి, బజారు మీద మూడు చుట్లు తిరిగాయి. ఆయన ఈల వేశాడు. అవి దిగుతూ దిగుతూ గుడ్డ ముక్కల దగ్గరికి వచ్చేసరికి పైకి లేచి, తీగ దాటి, ఇవతల వాలాయి. ఆయన మూడుసార్లు ఎగరేశాడు, మూడుసార్లు లెక్కపెట్టుకున్నాడు. నలభైకి నలభై.

"ఠీక్ హై," అన్నాడు కిందికి వచ్చి. "ముక్కలు చినిగినప్పుడల్లా కొత్తయి కుట్టాలె. గది షరతు."

"ఇరవై ఏండ్లనుంచి నా ఒక్క మాట ఇనలే గీ మనిషి," అంది లాడ్లీ బేగం. "రైక ముక్కల మాట విన్నడు."

సాయంత్రానికి గోడకు చిన్న తెల్ల డబ్బా బిగించి, స్టూలు మీద బిస్కెట్ రంగు ఫోను పెట్టి పోయాడు యోహాను. కౌసల్య ఎత్తి చెవికి పెట్టుకుంది. గోడకు చెవి పెట్టినట్టే ఉంది, చప్పుడు లేదు. రేపు ఎక్స్ఛేంజిలో కలిపితే దానికి ప్రాణం వస్తుందని చెప్పి పోయాడు కాబట్టి ఫికర్ చేయలేదు.

*

శుక్రవారం ఆమె నాలుగింటికే మిషను ఆపేసింది. ముఖం కడుక్కుని, స్టూలుకు ఎదురుగా చాప వేసుకుని కూర్చుంది. చేతులు ఊరికే ఉండలేక రైకకు హుక్కులు కుడుతూ ఉంది. లాడ్లీ బేగం వచ్చి పక్కన కూర్చుంది. లియాఖత్ అలీ గుమ్మం బయట నిలబడ్డాడు, ఏదో పని మీద వచ్చినట్టు.

ఫోను మోగింది.

సందంతా వినపడేటట్టు మోగింది. రెండోసారి మోగింది. ఆగిపోయింది. కౌసల్య చేయి ముందుకు పోయి, మధ్యలో ఆగింది. ముగ్గురూ మూడో బెల్లు కోసం చూశారు. రాలేదు.

"ముట్టిండు," అంది కౌసల్య. ఎత్తి చెవికి పెట్టుకుంటే ఇప్పుడు గుయ్యిమని చప్పుడు వస్తోంది. లాడ్లీ బేగం చెవికి కూడా పెట్టింది.

లియాఖత్ అలీ చేతి గడియారం చూసుకున్నాడు. "ఆరు కాలే ఇంకా. పది నిమిషాలు తక్కువుంది."

"బొంబాయి గడియారం ముందుంటదేమో భాయ్."

"బొంబాయికి వేరే టైము లేదు బహెన్."

"మరి వాని చేతి గడియారం ముందుంటది. నువ్వు బాగుచేసిందే గద."

లాడ్లీ బేగం పగలబడి నవ్వింది. ఆయన గొణుక్కుంటూ పావురాలు దింపడానికి పోయాడు. కౌసల్య పేలాలు, బెల్లం కలిపి పళ్లెంలో పెట్టుకుని సందులో ఇంటింటికీ పంచింది. "మా తమ్ముడు మంచిగ ముట్టిండు. ఫోను చేసిండు," అని ప్రతి గుమ్మం దగ్గరా చెప్పింది. గ్రహణం తెల్లవారి ప్రయాణమని భయపెట్టిన సావిత్రమ్మకు ఒక పిడికెడు ఎక్కువే పెట్టింది. ఆరింటికి మళ్లీ ఏమీ మోగలేదు. మోగాలని ఆమె ఎదురుచూడనూ లేదు. శనివారం పొద్దంతా పాట పాడుకుంటూ మిషను తొక్కింది. ఫోనుకు ఎర్ర అంచున్న ముసుగు కుట్టి తొడిగింది.

ఆదివారం పొద్దున యోహాను కాగితం పట్టుకుని వచ్చాడు. "గీడ దస్కతు పెట్టమ్మా. ఫోను మంచిగ పనిచేస్తుందా?"

"చేస్తుంది. మొన్ననే మోగింది."

"ఆ, శుక్రారం సాయంత్రం నేనే కొట్టిన. తీగ కలిపి, వస్తుందా లేదా అని రెండు బెల్లులిచ్చి చూసిన. బెల్లు పోయింది, ఇంక అయిందని పెట్టేసిన."

కౌసల్య చేతిలో కలం ఆగింది.

గోడ గూటిలో పేలాల పళ్లెం ఇంకా ఉంది. అడుగున బెల్లం పొడి అంటుకుని ఉంది. ఆమె ఆ పళ్లెం వంక చూసింది. శుక్రవారం సాయంత్రం, శనివారం, ఈ పొద్దు. పాటలు పాడింది. మళ్లీ పాడింది. పదకొండు రోజులు ముందుకు వచ్చి నిలబడ్డాయి, పసుపు దంచిన రోకలితో సహా.

"ఏమైందమ్మా?" అన్నాడు యోహాను.

రెండు రోజులే, అనుకుంది కౌసల్య. పదకొండు కాలేదు. అప్పుడు అడగడానికి దారి లేదు, ఇప్పుడు ఉంది. కలం కింద పెట్టి, గోడ మీద బొగ్గుతో రాసుకున్న నంబరు ముందు నిలబడింది. జానయ్య ముఠా ఉండే చోటికి ఎదురుగా చాయ్ హోటలు ఉంది. అక్కడి ఫోను నంబరు పోయినేడే చెప్పించుకుని రాసి పెట్టుకుంది.

"యోహానూ, బొంబాయి పోతదా దీంట్ల?"

"పోతది. ఎస్టీడీ ఇచ్చిన్రు."

"నువ్వు పోయి లాడ్లీ ఆపాను పిలువు. అవతల ఉర్దూల మాట్లాడాలె."

మొదటిసారి నొక్కితే ఏమీ కాలేదు. రెండోసారి అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు చప్పుడు. మూడోసారి మోగింది. లాడ్లీ బేగం ఫోను అందుకుని, బొంబాయి దాకా తన గొంతు తానే మోయాలన్నట్టు అరిచింది. "హలో, జానయ్య భాయ్ హై క్యా? కోస్గి సే. కోస్గీ."

అవతల ఆడగొంతు. ఏదో చెప్పింది. లాడ్లీ బేగం తల ఊపింది, ఫోనులో కనిపిస్తుందన్నట్టు. పెట్టేసి ఇటు తిరిగింది.

"హోటలామె. మనిషిని పంపి పిలిపిస్త, పావుగంటకు మళ్ల చెయ్యమంది."

"ఉన్నడంటనా?"

"పిలిపిస్త అంది, కౌసల్యా. లేనోన్ని పిలిపిస్తరా?"

పావుగంట. లియాఖత్ అలీ వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, గడియారం విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. యోహాను కూడా పోలేదు. కౌసల్య ఫోను ముసుగు తీసి, మడిచి, ఒళ్లో పెట్టుకుంది. "హో గయా," అన్నాడు లియాఖత్ అలీ చివరికి. ఆమె తనే అంకెలు నొక్కింది. ఒక్క అంకె తప్పు పోలేదు.

"అక్కా," అన్నాడు జానయ్య.

కౌసల్య ఫోనును రెండు చేతులతో చెవికి అదుముకుంది.

"అక్కా, నేనే. మాట్లాడవేంది?"

"శుక్రారం ఎందుకు చెయ్యలేదురా?"

"చెయ్యకేంది? ఆరింటికి కొట్టిన. నిన్న గూడ కొట్టిన. అసలు గా నంబరే లేదంటాంది లోపలామె. ఇంగ్లీషుల చెప్పింది, హిందీల చెప్పింది. సంచి ముందల పెట్టుకొని ఒక్కొక్క అంకె నొక్కిన. నువ్వే దారం తప్పు కుట్టినవనుకున్న."

"నా కుట్టుల తప్పుండది."

"కొత్త ఎక్స్ఛేంజి గదమ్మా," అన్నాడు యోహాను పక్కనుంచి. "బయటి ఊర్లకు ఇంకా తెల్వది. రెండు మూడు దినాలల్ల దొరుకుతది."

ఆ మాట తమ్ముడికి చెప్పింది. తర్వాత, "ఇను. గీ రెండు బెల్లుల లెక్క పనికిరాదు. ఎక్స్ఛేంజోల్లు గూడ రెండే కొడుతరు. నువ్వు రెండు కొట్టి పెట్టేయి, ఇరవై దాకా లెక్కపెట్టి మళ్ల రెండు కొట్టు. వాళ్లకు అంత ఓపిక ఉండది," అంది.

"మంచిది. రెండు, మళ్ల రెండు."

"రొట్టెలు విరిగినయా?"

"ఒక్కటి గూడ విరగలే."

ఫోను పెట్టి, కాగితం మీద దస్కతు చేసి యోహానుకు ఇచ్చింది. తర్వాత పేలాల పళ్లెం కడిగి బోర్లించింది.

*

వచ్చిన శుక్రవారం ఆరింటికి రెండు బెల్లులు మోగాయి. ఇరవై లెక్కపెట్టేలోపల మళ్లీ రెండు. లియాఖత్ అలీ గడియారం చూసి, "సహీ టైమ్," అని తీర్పు చెప్పాడు. ఆ తర్వాత అది తప్పలేదు. చలికాలం పోయింది, ఎండలు వచ్చాయి. తీగ మీద ముక్కలు వెలిసినప్పుడల్లా కౌసల్య కొత్తవి కుట్టింది. సందులో ఎవరింట్లో మనిషి బొంబాయి పోయినా, ఆమె ఫోనుకు వాళ్లదొక గుర్తు ఏర్పడింది. ఏ బెల్లు ఎవరిదో విని, గుమ్మంలోంచి కేక వేసి చెప్పేది. మనుషులు ఆమె దగ్గరికి ధైర్యం అడగడానికి వచ్చేవాళ్లు.

1996లో పీర్ల పండుగ మే నెలలో వచ్చింది. పీర్ల ముందు నిప్పులు పోసే అలాయి గుంత ఏటా తవ్వేది జానయ్యే. తవ్వడం అతని పని కదా అని ఊరు అతనికే వదిలేసింది. ఆ ఏడు గుంత తవ్వే రోజు వచ్చింది, జానయ్య రాలేదు. శుక్రవారం మాత్రం రెండు, మళ్లీ రెండు. కౌసల్య ఫోను చేసింది.

"ఏమైందిరా?"

"ఏం గాలే. మంచిగున్న. శుక్రారం శుక్రారం చెప్తనే ఉన్న గద."

"అలాయి గుంత ఎవలు తవ్వాలె?"

అవతల గ్లాసుల చప్పుడు వినిపించింది. "అక్కా, లగ్గం చేసుకున్న."

"ఎప్పుడు?"

"శివరాత్రి దాటినంక. గీ హోటలామెనే. లాడ్లీ ఆపాతోని మాట్లాడింది సూడు, ఆమె. తవ్వుడు గూడ బందు పెట్టిన. హోటలు సూస్కుంటున్న."

"మూడు నెలలాయె. ఒక్క మాట చెప్పకపోతివి."

"రెండు బెల్లులల్ల గది ఎట్ల చెప్పాలె అక్కా? మంచిగున్ననని చెప్పిన. మంచిగనే ఉన్న."

కౌసల్యకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ తమ్ముడి గొంతులో ఎన్నడూ లేని నిదానం ఒకటి వినిపించింది, దాని మీద కోపం నిలవలేదు. "ఆమెను పిలువు," అంది. "రైక కొలతలు కావాలె."

కొలతలు అడగడం లాడ్లీ బేగం పని అయింది. చేతి పొడుగు, భుజం, నడుము. లియాఖత్ అలీని మిద్దె మీదికి తరిమి, ఇద్దరాడవాళ్లు ఫోను దగ్గర కూర్చుని నవ్వుకుంటూ బొంబాయి మనిషిని జానెడు జానెడు కొలిచారు. చిలకపచ్చ రైక కుట్టి, ముఠాతో పోతున్నవాళ్లతో పంపింది. సరిగ్గా సరిపోయిందని ఆ శుక్రవారం బెల్లు ఆపకుండా మోగింది. కౌసల్య ఎత్తింది. అలా ఎత్తింది ఆ ఏడాదిలో ఆ ఒక్కసారే.

పై ఏడు పీర్లకు వస్తానన్నాడు. తీరా వేళకు, హోటలు ఎవరికి వదిలిపెట్టాలన్నాడు. ఆ పై ఏడు బిడ్డ పుట్టింది, పసిపిల్ల ఎండకు తట్టుకోలేదన్నాడు. ఆ పై ఏడు ఏమీ అనలేదు, ఆమె అడగలేదు. అలాయి గుంత ఇప్పుడు మారయ్య తవ్వుతున్నాడు. బాగానే తవ్వుతాడు, కొంచెం వంకర. పిల్లకు గౌన్లు ఏటా ఒక జానెడు పెంచి కుట్టి పంపుతుంది. కోస్గి ఎప్పుడొస్తావని ఎవరైనా అడిగితే జానయ్య ఇప్పటికీ, "అక్క ఖబరే సాలన్నది," అని నవ్వుతాడట. ఆ మాట విన్న రోజు కౌసల్య మిషను తొక్కడం కొంచెంసేపు ఆపింది. తను అన్న మాటే. అబద్ధం కాదు.

నాలుగేళ్లుగా ఒక్క శుక్రవారం తప్పలేదు. ఆరింటికి మిషను ఆపుతుంది. రెండు మోగుతాయి. ఆమె ఇరవై లెక్కపెడుతుంది. మళ్లీ రెండు మోగుతాయి. మిద్దె మీద పావురాలు గుడ్డ ముక్కలు దాటి గూళ్లలోకి దిగుతాయి. ఆమె లేచి దీపం పెడుతుంది.

జానయ్య కోస్గికి మళ్లీ రాలేదు. సంచి భుజాన వేసుకుని బొంబాయి బస్సెక్కిన రోజు 1995 అక్టోబరు 25, బుధవారం.